గుట్టు ఎవరిది, జరిమానా ఎవరికి?

డిసెంబరులో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే నూనె మరకల మధ్యలోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి నా వంక చూస్తోంది. పాతికేళ్ళ కుర్రాడు, నున్నగా దువ్విన తల. ఎక్కడో అప్పు కోసం పెట్టుకున్న దరఖాస్తుకి జిరాక్సు అది. పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, పాన్ నంబరు, నెల జీతం, అడుగున సంతకం. బండి అతన్ని అనడానికి లేదు. అతను పాత కాగితాలు కిలోల లెక్కన కొంటాడు.

అమ్మ ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. "ఎవరి బిడ్డో పాపం" అంది. తర్వాత దాన్ని చింపి, ఫోటో, సంతకం ఉన్న ముక్కల్ని పొయ్యి మీద పెట్టి కాల్చేసింది. నూనె కాగితం కదా, భగ్గుమంది. మామూలుగా అయితే మా అమ్మకి ఇలాంటివాటి మీద ఇంత పట్టింపు ఉండేది కాదు. రెండు నెలల కిందట తనకి జరిగింది మనసులో ఉంది.

ఫోన్ స్పీకర్లో పెట్టే అలవాటు

అమ్మకి షుగరుంది. ఆ సంగతి నాకూ, తమ్ముడికీ, డాక్టరు గారికీ తప్ప ఎవరికీ తెలియదు. పిన్నికి కూడా చెప్పలేదు. ఎందుకు దాస్తున్నావని అడిగితే, "తెలిస్తే రేపట్నుంచి ఏ పెళ్ళికెళ్ళినా నా విస్తరి దగ్గరికొచ్చేసరికి బూరెల గిన్నె దాటిపోతుందే" అంది. నవ్వొచ్చే మాటే గానీ నాకు అర్థమైంది. జబ్బు నలుగురికీ తెలిశాక మనిషి ముందు జబ్బుమనిషి, ఆ తర్వాతే అక్కో వదినో.

అక్టోబరులో మూడు నెలల సగటు షుగరు చూపించే పరీక్ష చేయించాం. కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది, రిపోర్టు వాట్సాప్‌లో పంపుతామంది. అమ్మ తన నంబరే చెప్పింది. ఐదో రోజు మధ్యాహ్నం పిన్ని మా ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. ఎవరు చేసినా స్పీకర్లో పెట్టడం అమ్మకి అలవాటు. అవతల ఎవరో అబ్బాయి. పేరు పెట్టి పలకరించి, "మీ షుగర్ ఎనిమిది దాటింది కదమ్మా, మందులకి లొంగట్లేదు కదా, మా దగ్గర మూలికల పొడి ఉంది" అని మొదలుపెట్టాడు.

"నీకెవరు చెప్పారు బాబూ?" అంది అమ్మ. అతను పెట్టేశాడు.

పిన్ని అప్పుడేమీ అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఊళ్ళోవాళ్ళందరికీ తెలుసు గానీ నాకు చెప్పడానికే చేతులు రాలేదా అక్కా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను ఆ పరీక్షలు చేసిన చోటికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి "మా దగ్గర్నుంచి వెళ్ళే ఛాన్సే లేదు మేడమ్" అంది. లోపల కూర్చున్న పెద్దాయన కాస్త నిజాయితీగా మాట్లాడాడు. రక్తం ఇక్కడ తీస్తారు, పరీక్ష వేరే ల్యాబులో అవుతుంది, బిల్లు సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది, వాట్సాప్‌లో రిపోర్టులు పంపేది మరొకరు. "ఎవరి దగ్గర జారిందో నేనెలా చెప్పనండీ?" అన్నాడు. ఆయన అబద్ధం చెప్తున్నాడని నాకు అనిపించలేదు. కోపం మాత్రం ఇంకా పెరిగింది.

నేను లాయర్ని కాను, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. కానీ ఆ వారం రోజులూ రాత్రిపూట కూర్చుని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మొత్తం చదివాను. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాక అవీ చదివాను. అందరూ 250 కోట్ల జరిమానా గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆ చట్టంలో ఒక సున్నా కనిపించింది. దాని గురించే ఈ పోస్టు.

చట్టం అమ్మ పక్షానే ఉంది, అక్కడిదాకా

ముందు మంచి మాట చెప్పాలి. చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఈ చట్టం వివరాల సొంతదారుని, ఆడైనా మగైనా, 'ఆమె' అనే పిలుస్తుంది. ఆమెకి పెట్టిన బిరుదు డేటా ప్రిన్సిపల్. మా కాలేజీలో ప్రిన్సిపాల్ అంటే ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి, అమ్మని ఆ కుర్చీలో ఊహించుకుని కాసేపు నవ్వుకున్నాను. ఒప్పుకోలు అడిగే కాగితం ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఆమె కోరిన భాషలో గానీ చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో అడగడం అమ్మ హక్కు. (ఆ తెలుగు ఎలా ఉంటుందో ఊహించగలను. బ్యాంకు ఏటీఎం తెలుగు చూశాం కదా.)

ఇంకో సంగతి. ఏడో సెక్షన్లో చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకామె మందుల షాపులో ఏదో కొని, డబ్బు ముట్టినట్టు ఫోన్‌కి మెసేజ్ పంపమని తన వివరాలు ఇస్తుంది. షాపువాళ్ళు ఆ వివరాలను ఆ రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఎవరో మా అమ్మ వెనకాలే నిలబడి రాసినట్టుంది. రిపోర్టు కోసం ఇచ్చిన నంబరు రిపోర్టుకే. పొడి అమ్ముకోవడానికి కాదు.

పైగా ఆ పెద్దాయన చెప్పిన సాకు కూడా చెల్లదు. పని ఎంతమందికి అప్పగించినా, వివరాలు తీసుకున్నవాళ్ళదే బాధ్యత అని చట్టం స్పష్టంగా చెప్తోంది. వివరాలు బయటికి పొక్కితే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా రక్షణ బోర్డుకీ, బాధితులకీ చెప్పి తీరాలి. సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల వరకూ పడొచ్చు. ఇందులో చాలా భాగం 2027 మే నెల దగ్గర పడ్డాకే అమల్లోకి వస్తుంది కాబట్టి అమ్మ సంగతికి ఇవేవీ పనికిరావు. సరే, అమల్లోకి వచ్చాకే ఇదంతా జరిగిందనుకుందాం.

లెక్కల టీచరు లెక్క

అనుకుందాం కాబట్టి లెక్క వేద్దాం. అమ్మ ముందు ఆ పరీక్షల సెంటరుకే ఫిర్యాదు చెయ్యాలి. జవాబివ్వడానికి వాళ్ళకి 90 రోజుల దాకా గడువుంది. అది తేలకుండా బోర్డు దగ్గరికి వెళ్ళకూడదు. తర్వాత బోర్డు. అదంతా ఆన్‌లైన్లోనే, అంటే నేను చెయ్యాలి. బోర్డు విచారించి, తప్పు జరిగిందని తేల్చి, జరిమానా వేసిందనుకోండి. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుంది? 34వ సెక్షన్ ఒక్క వాక్యంలో చెప్పేసింది: భారత సంచిత నిధికి. అంటే కేంద్ర ఖజానాకి.

అమ్మకి ఎంత? సున్నా. ఆ సున్నా ఎక్కడా రాసి ఉండదు, అసలు ఆ గడే లేదు.

ఇంకో అంకె ఉంది, అది మాత్రం రాసి ఉంది. డేటా ప్రిన్సిపల్‌కి బాధ్యతలు కూడా పెట్టారు. వాటిలో ఒకటి, తప్పుడు ఫిర్యాదు గానీ పసలేని ఫిర్యాదు గానీ చెయ్యకూడదు. చేస్తే 10,000 రూపాయల వరకూ జరిమానా. రిపోర్టు అక్కణ్ణుంచే జారిందని రుజువు చెయ్యలేకపోతే మా ఫిర్యాదుకి పస ఉన్నట్టా లేనట్టా? కేసు గెలిస్తే అమ్మకి సున్నా, పసలేదని కొట్టేస్తే పోయేది పదివేల దాకా. మా ఇంటర్ పిల్లలకి సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి పందెం ఇస్తే, ఎవడూ ఆడడు మేడమ్ అంటారు.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. ఇప్పటిదాకా ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఉంది. మన సున్నితమైన వివరాలను నిర్లక్ష్యంగా పెట్టుకుని నష్టం కలిగించిన సంస్థ మనకే పరిహారం ఇవ్వాలని అది చెప్తుంది. ఆరోగ్య వివరాలు ఆ సున్నితమైన వాటిలోనే వస్తాయి. విచారించేది ప్రతి రాష్ట్రంలోనూ ఉండే ఐటీ కార్యదర్శి, ఐదు కోట్ల దాకా అడగొచ్చు. కొత్త చట్టం 44వ సెక్షన్ ఈ 43ఏని తీసేస్తుంది. కొత్త ఇల్లు కట్టి, అందులో పాత ఇంట్లో ఉన్న గది ఒకటి లేకుండా చేశారు.

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టంలో జరిమానాతో పాటు బాధితుడికి పరిహారం అడిగే హక్కు కూడా ఉంది, అక్కడ అది 82వ అధికరణం. మన దగ్గర 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తయారు చేసిన ముసాయిదాలోనూ పరిహారం ఉంది. ఐదేళ్ళలో ముసాయిదాలు మారి మారి, చివరికి వచ్చినదాంట్లోంచి అది జారిపోయింది.

తమ్ముడి వాదన

తమ్ముడు హైదరాబాద్‌లో ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదంతా వాడికి చెప్తే వాడు నన్ను వదల్లేదు.

"అక్కా, ఆ 43ఏ కింద నీకు తెలిసినవాళ్ళలో ఎవరికైనా పైసా వచ్చిందా?" అన్నాడు. రాలేదు. ఆ సెక్షన్ ఉందనే నాకు తెలియదు, చదివేదాకా. "మరి పోయిందేముంది?"

అక్కడ నాకు జవాబు వెంటనే తట్టలేదు. తర్వాత ఆలోచిస్తే అనిపించింది, నడిచేవాళ్ళు లేక గడ్డి మొలిచిన దారిని బాగుచెయ్యొచ్చు, గోడ కట్టెయ్యక్కర్లేదు. ఐటీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళొచ్చని ఏ ఊళ్ళో ఎవరికి చెప్పారు గనక?

వాడి రెండో మాట బలమైంది. ఒక చిన్న ల్యాబులో రోజుకి వందమంది రిపోర్టులు వెళ్తాయి. ఒకసారి లీకయితే వందమందీ తలో లక్ష అడిగితే ఆ ల్యాబు మూతపడుతుంది. మూతపడేది పెద్ద ఆసుపత్రి కాదు, మన వీధి చివరదే. పెద్దవాళ్ళకి లాయర్లుంటారు. తర్వాత మనం పరీక్షకి విశాఖపట్నం వెళ్ళాలి. ఇది నిజమే. నేను దీన్ని కొట్టిపారెయ్యలేను. చిన్నవాళ్ళకి తక్కువ, పెద్దవాళ్ళకి ఎక్కువ అని మెట్లు కట్టొచ్చు, జరిమానా వేసేటప్పుడు బోర్డు అలాంటివన్నీ చూస్తుంది కూడా. ఆ జరిమానాలోంచే కొంత బాధితులకి ఇవ్వమంటే ల్యాబు మీద కొత్తగా పడే బరువేమీ ఉండదు కదా. వాడు దీనికి "ఊఁ" అన్నాడు. ఒప్పుకున్నాడో, నిద్రొచ్చిందో తెలియదు.

మూడోది అడిగినప్పుడు మాత్రం ఇద్దరం ఆగిపోయాం. "అసలు అమ్మకి జరిగిన నష్టం ఎంత? నువ్వు లెక్కల టీచరువి కదా, కట్టు రేటు."

ప్రతి సంక్రాంతికీ పిన్ని మాకు డబ్బా నిండా అరిసెలు పంపుతుంది. ఈసారి జంతికలు పంపింది. డబ్బా అదే, మూత మీద పెట్టిన గుడ్డ కూడా అదే. అమ్మ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. దీనికి రేటు నాకు తెలియదు. కానీ పరువు నష్టం కేసుల్లో కోర్టులు పోయిన పరువుకి ధర కట్టగలిగినప్పుడు, ఇది మరీ అంత అసాధ్యమైన లెక్కని నేననుకోను.

నా వాదనకి అడ్డం వచ్చేది ఇంకోటుంది, నేనే చెప్పేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, నమ్మకం మీద ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టవిరుద్ధంగా వేరేవాళ్ళకి చెప్పడం అక్రమ వ్యాపార పద్ధతే. కొత్త చట్టం కూడా, మిగతా చట్టాలకి ఇది అదనం అనే అంటోంది. సివిల్ కోర్టుల తలుపు మూసింది గానీ వినియోగదారుల కమిషన్ పేరెత్తలేదు. అంటే జిల్లా కమిషన్‌కి వెళ్ళి పరిహారం అడగొచ్చేమో. ఈ దారి నిజంగా తెరిచే ఉంటే నా సున్నా అంత గుండ్రటి సున్నా కాదు. కానీ అమ్మ గుట్టుని కాపాడాల్సింది గుట్టు కోసం చేసిన చట్టం. సరుకు బాగాలేదని కుక్కర్ మీద ఫిర్యాదు చేసే చోటికి వెళ్ళి అమ్మ అడుక్కోవాల్సి రావడం ఏం బాగుంది?

గోప్యత కాదు, గుట్టు

ఇంగ్లీషు వాళ్ళు ప్రైవసీ అనేదాన్ని మన పత్రికలు గోప్యత అంటాయి. ఆ మాట నాకు నచ్చదు. గోప్యత అంటే ఏదో దాచినట్టుంటుంది, దాచినవాళ్ళు ఏదో తప్పు చేసినట్టుంటుంది. మా అమ్మమ్మ మాట వేరు. 'గుట్టుగా బతుకుతున్నారు' అంటే అది మెచ్చుకోలు. కూలిపని చేసుకునే ఇంటికీ గుట్టుంటుంది. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్నా అందులో తప్పు గుట్టుది కాదు, అది దాటిపోవడానిది. గుట్టుకి సొంతదారు ఉంటారు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో వాళ్ళే తేల్చుకుంటారు. అమ్మ పిన్నికి ఎప్పటికీ చెప్పకూడదనుకోలేదు. తన నోటితో, తనకి వీలైనప్పుడు చెప్పాలనుకుంది.

ఈ తేడాని మా ఊరివాడే ఒకాయన 1962లో పట్టుకున్నాడు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, ఖరక్ సింగ్ కేసులో. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రిపూట వచ్చి తలుపు తట్టేవాళ్ళు, వెనకాల తిరిగేవాళ్ళు. ఆరుగురు జడ్జీల్లో ఎక్కువమంది, రాత్రి తలుపు తట్టడం తప్పే గానీ కనిపెట్టుకుని ఉండటంలో తప్పు లేదన్నారు. ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా తోడుగా, ఒప్పుకోలేదు. మనిషి కదలికలకి అడ్డుపడటం స్వేచ్ఛని దెబ్బతీస్తే, అతని సొంత బతుకులోకి చొరబడటం ఇంకా ఎక్కువ దెబ్బతీస్తుందన్నారు. ఆ మాట దేశానికి న్యాయమవడానికి 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ఇది ప్రాథమిక హక్కే అన్నారు. వాళ్ళలో కృష్ణా జిల్లా వాడైన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు, తర్వాత మన గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి, కేసు వేసేనాటికి ఆయన వయసు 86.

ఖరక్ సింగ్ గుమ్మం ముందు నిలబడింది ప్రభుత్వం. కొత్త చట్టం ఆ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం ప్రభుత్వ సంస్థల్లో దేన్నైనా నోటిఫై చేసి ఈ చట్టం దానికి వర్తించదనొచ్చు. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బళ్ళు ఆపి, గంజాయి కోసమంటూ కుర్రాళ్ళ వాట్సాప్ చాట్లు చూస్తున్న వీడియోలు చాలామంది చూశాం. పొడి అమ్మేవాడి మీద నాకున్న కోపం, వాటిని చూసినప్పుడు ఎందుకు రాలేదా అని ఇప్పుడనిపిస్తోంది. ఎవరి పిల్లలో కదా అనుకున్నాను, అంతే.

ఆఫీసుకి గుట్టెందుకు

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, దాని మీద నాకు కొన్నాళ్ళు అయోమయంగానే ఉంది. ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారమే అయినా దాని వెనక ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ముందు ఆ వాక్యంలోనే ఉండేది. ఇప్పుడు అది వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఇవ్వనక్కర్లేదు. మిగతా చట్టంలో చాలా భాగం 2027 దాకా ఆగుతుంది గానీ ఈ మార్పు మాత్రం 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చేసింది. తొందర దేనికో చూడండి.

8(2) అలాగే ఉంది కదా, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇంకా ఇవ్వొచ్చు అంటుంది ప్రభుత్వం. ఉంది, నిజమే. కానీ కౌంటర్లో కూర్చున్న అధికారికి 'వ్యక్తిగతం' అనే ఒక్క మాట దొరికాక, తూకం వేసే శ్రమ ఎవరు పడతారు?

ఉద్యోగంలో చేరకముందు, 2009లో, మెట్ట ప్రాంతంలో ఒక ఊళ్ళో ఉపాధి హామీ సామాజిక తనిఖీ చూడటానికి స్నేహితురాలితో వెళ్ళాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి అప్పటికి మూడేళ్ళుగా జరుగుతున్నాయి. రావిచెట్టు కింద కుర్చీలేసి మస్టర్ రోల్ చదువుతున్నారు, పేరు, పని చేసిన రోజులు, ముట్టిన కూలి. ఒక పేరు దగ్గర వెనకనుంచి ఒక ముసలామె, "ఆయన పోయి ఏడాదిన్నర అయింది బాబూ" అంది. నేలమీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

పేరూ కూలీ వ్యక్తిగత సమాచారమే. దాన్ని అలా నలుగురిలో చదవడం గుట్టు రట్టు చెయ్యడం కాదా అని నన్ను నేనే అడిగాను. కాదనే అనుకుంటున్నాను. ఆ చచ్చిపోయినాయన గుట్టు అక్కడ ఏమీ బయటపడలేదు. ఆయన పేరు వెనక దాక్కున్నవాడిది బయటపడింది. సర్కారు డబ్బుకి లెక్క ఊరందరిదీ. అమ్మ రక్తంలో షుగరు అమ్మ ఒక్కదానిది. ఇవి రెండూ ఒకే పదం కిందికి తెచ్చి, మొదటిదానికి వెంటనే తలుపేసి, రెండోదానికి 2027 దాకా ఆగమన్నారు. ఆగిన తర్వాతైనా ఇచ్చేది అమ్మకి కాదు, ఖజానాకి.

అన్నట్టు, బజ్జీల పొట్లం కుర్రాడి సంగతి. ఈ చట్టం పేరులోనే డిజిటల్ అని ఉంది. కంప్యూటర్లోకి ఎక్కని కాగితం దాని పరిధిలోకి రాదు. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రాయించుకునే రిజిస్టరూ రాదు. ఆ దరఖాస్తు జిరాక్సు కిలోల లెక్కన ఎటుపోయినా ఈ చట్టానికి పట్టదు. అమ్మ కాల్చింది కాబట్టి సరిపోయింది.

పోయిన వారం మళ్ళీ మూడు నెలల పరీక్షకి వెళ్ళాం, వేరే సెంటరుకి. కౌంటర్లో అబ్బాయి నంబరడిగాడు. అమ్మ లేదంది. నంబరు కొట్టకపోతే బిల్లు ముందుకెళ్ళదు ఆంటీ అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, గడగడా చెప్పేసింది. అది ఎప్పుడో పీకేయించిన మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు. రాజమండ్రి కోడు 0883లో ముందున్న సున్నా తీసేస్తే అంతా కలిపి సరిగ్గా పది అంకెలు. కంప్యూటరు ఒప్పుకుంది. రిపోర్టు దేంట్లో పంపమంటారని అడిగితే, "ఏమీ పంపొద్దు బాబూ, సాయంత్రం నేనే వచ్చి తీసుకుంటాను" అంది.

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం నడిచి వెళ్ళి తెచ్చుకున్నాం. కవరు అంటించి లేదు. అమ్మ దాన్ని రెండు మడతలు పెట్టి, పమిట కొంగులో చుట్టుకుని పట్టుకుంది.